సముద్రం పడని కుర్రాడు, గొంతు దాచుకున్న పిల్ల

నెత్తిమీద చేపల తట్ట లేకుండా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఆ ఉదయం పొలం గేటు దగ్గర నిలబడ్డ మనిషెవరో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. మర్రిపాలెంలో మేమున్న వీధికి ఏళ్ల తరబడి చేపలు తెచ్చిన జాలరిపేట అప్ప. పక్కన పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. నేలమీద ఏదో పారేసుకున్నవాడిలా తల కిందికే ఉంది.

“టీచరమ్మా, ఈడు నా సిన్నోడు,” అంది ఆవిడ. “ఈడికి సముద్రం పడట్నేదు.”

వంకాయ పడకపోవడం విన్నాను, పాలు పడకపోవడం విన్నాను. సముద్రం పడకపోవడం ఏమిటో అర్థం కాలేదు.

“బోటెక్కితే సాలు, కక్కేత్తాడు. వాల్ల నాన్న ఎన్నిసార్లు తీసుకెల్లేడో. ఒడ్డు కనపడతుండగానే మొదలెట్టేత్తాడు. వల లాగే టయానికి ఈడు బోటు అడుగున పడుంటాడు. అన్నలు మోసుకొచ్చి ఇసకలో పడేత్తారు. పేటలో గుంటలందరూ ఈణ్ణి ఏటని పిలుత్తారో తెల్సా?”

“అమ్మా, ఒగ్గీ,” అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండానే.

ఆ పేరు చాలా రోజుల తరవాత వాడే చెప్పాడు. పేటలో వాడి బిరుదు ‘కక్కుల కెప్టెన్’.

తాత వేటకెళ్లాడు, తండ్రి వెళ్తున్నాడు, ఇద్దరన్నలూ వెళ్తున్నారు. ఆ ఇంట్లో వీడొక్కడికే కడుపు తిరుగుతుంది. బడిలోనూ అదే పేరు వెంటపడేసరికి తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాడు. పొద్దంతా ఒడ్డున బోర్లించిన తెప్ప నీడలో కూర్చుంటున్నాడట.

“నా దగ్గరికెందుకు తెచ్చేవప్పా? నాను గేమ్స్ టీచర్ని. అదీ రిటైరైపోయేను,” అన్నాను.

“మీకాడ ఇంత నేలుంది గదా. నేలైతే ఊగదు గదా టీచరమ్మా.”

గేటు తీశాను. వాడు చేతిసంచీతో లోపలికొచ్చాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఉద్యోగమంతా మెడలో ఈలతో, నెత్తిన ఎండతో గడిపాను. రిటైరయ్యాక సబ్బవరం అవతల నాన్న ఇచ్చిన రెండెకరాల్లో చిన్న ఇల్లు వేసుకున్నాను. కొన్ని జీడిచెట్లు, కొంత మొక్కజొన్న, కూరమళ్లు, కోళ్లు, ఒక గేదె. మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. వీక్లీ ఆఫ్‌కి పొలం వస్తారు. కుతకుతలాడే ఇనుము పక్కన జీవితమంతా నిలబడ్డ మనిషి, గేదె తోక ఊపితే చాలు, వరండా ఎక్కేస్తారు. గేదెకి ఈ సంగతి తెలుసు. ఆయన బండి చప్పుడు వినగానే తోక ఊపడం మొదలెడుతుంది.

కుర్రాడు మొదటి నాలుగు రోజులూ దున్నిన నేలమీద మహా జాగ్రత్తగా నడిచాడు, అది కూడా ఏ క్షణంలోనైనా కదులుతుందేమోనన్నట్టు. కదలదని నమ్మకం కుదిరాక ప్రశ్నలు మొదలయ్యాయి. వేరుశనగ మొక్క చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, “మేడం, దీనికి కాయలేవీ?” అన్నాడు. పీకి చూపించాను. వేళ్లకి వేలాడుతున్న కాయల్ని చూసి, “ఓలమ్మ! ఇది కూడా వల లాగినట్టే,” అని మొక్క మొక్కా పీక్కుంటూ పోయాడు. అవి ఇంకా లేత పిందెలు. ఆపేలోగా ఒక వరసంతా ఖాళీ.

గేదెని కట్టమంటే పడవని ఒడ్డుకి కట్టే ముడి వేశాడు. అది తుఫానుకి ఊడని ముడి. పాలు తీశాక విప్పబోతే మాకూ ఊడలేదు. ఆ సమయానికి వాడు స్నానానికి పోయాడు. మా ఆయన దూరం నుంచే స్క్రూడ్రైవర్ విసిరి, “దీంతో సూడు,” అన్నారు. చివరికి వాడు తలమీద సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చి, ఒక్క వేలితో లాగితే పాములా జారిపోయింది.

నెల తిరక్కుండానే రెండో మనిషి వచ్చింది.

మా ఆయనతో ఒకే కొట్టులో టీ తాగే స్నేహితుడొకాయన ఉన్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్. కంచరపాలెంలో, పట్టాల పక్క సందులో ఇల్లు. ఆయన కూతురు ఇంటర్ రెండో సంవత్సరం తప్పింది. తప్పడం పెద్ద విషయం కాదు. ఆ పిల్ల మాట్లాడడం మానేసింది. డాక్టరుకి చూపిస్తే గొంతు బాగానే ఉందన్నారు. పొలంలో కొన్నాళ్లుంటే మారుతుందేమోనని మా ఆయనతో పంపాడు.

ఆ పిల్లకి ‘అవును’కి తల ఊపడం, ‘కాదు’కి భుజం ఎగరెయ్యడం. అన్నం ఇంకొంచెం కావాలంటే కంచం ఒక అంగుళం ముందుకి జరిపేది. ఫోను పట్టుకుని జీడిచెట్ల కింద కూర్చునేది. అక్కడ సిగ్నల్ ఉండదని తెలిసినా అక్కడే. నేను ఏ పని చెప్పినా చేసేది, శ్రద్ధగా చేసేది. కలుపు తీసినా, గుడ్లు ఏరినా ఆ పిల్ల చుట్టూ ఒక నిశ్శబ్దం ఉండేది. కోళ్లు కూడా ఆ పిల్ల దగ్గర తగ్గి కూసేవి.

కుర్రాడికి మాత్రం ఇది బాగా కలిసొచ్చింది. ఎదురు మాట్లాడని శ్రోత పుట్టాక దొరకలేదు వాడికి. వంగమొక్కలకి నీళ్లు పెడుతూ చేపల కథలన్నీ చెప్పేవాడు. ఏ చేపకి ఎన్ని ముళ్లు, ఏ చేప ఎలా మోసం చేస్తుంది. “నాను సముద్రం మీదకి ఎల్లనేను గానీ, సముద్రం గురించి నాకు మొత్తం తెల్సు,” అని ఒకరోజు గొప్పగా అన్నాడు. ఆ పిల్ల పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది. అంతే.

తొలకరి పడింది. మా పక్క పొలం రైతు ట్రాక్టరుతో వచ్చాడు. ఊరి వరసకి నాకు బావ. కొత్త తుండుగుడ్డ భుజాన వేసుకుని, రాజులా సీటులో కూర్చుని దున్నుతున్నాడు. వెనకాలే పురుగుల కోసం తెల్ల కొంగల బారు. మా కుర్రాడు గట్టున నిలబడి ట్రాక్టరు ఎటెళ్తే అటు మెడ తిప్పుతున్నాడు.

“ఎక్కరా అల్లుడా!” అని బావ కేకేశాడు.

వాడు మడ్‌గార్డు మీదకి ఎక్కి కూర్చున్నాడు. మొదటి చాలు అయ్యేసరికి, పడవ నడుపుతున్నవాడిలా మాకు చెయ్యూపాడు. రెండో చాలులో చెయ్యూపలేదు. మూడో చాలు మలుపులో వాడి మొహం నాకు బాగా కనిపించింది.

“బావా, ఆపు! ట్రాక్టర్ ఆపు!”

ఇంజను హోరులో బావకి ఏం వినపడుతుంది? ‘బాగుంది’ అన్నాననుకుని నవ్వుతూ తల ఊపాడు. ఆ ఊపిన తల పక్కనే, కొత్త తుండుగుడ్డ మీద, కుర్రాడు పొద్దున్న తిన్న ఉప్మా అంతా వచ్చేసింది.

ఇంజను ఆగింది. పొలమంతా నిశ్శబ్దం. కుర్రాడు దిగి, నిలబడి, తల కిందికి వేసేశాడు. గేటు దగ్గర మొదటి రోజు చూసిన తల. నేల కూడా వాణ్ణి మోసం చేసింది. బావ తుండుగుడ్డని రెండు వేళ్లతో పట్టుకుని, దానివంకే చూస్తున్నాడు.

అప్పుడు వినిపించింది నవ్వు.

అది నవ్వు అని తెలియడానికే కాస్త సమయం పట్టింది. ముందు పట్టాలే లేని మా పొలంలోకి రైలొచ్చిందనుకున్నాను. తెల్ల కొంగలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. కోళ్లు గంపల కిందికి దూరాయి. గట్టుమీద కంచరపాలెం పిల్ల కడుపు పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా నవ్వుతోంది. ఇంత చిన్న మనిషిలో అంత గొంతు ఎక్కడ పట్టిందో!

అందరం తనవంకే చూస్తున్నామని తెలిసి చప్పున రెండు చేతులతో నోరు మూసుకుంది. మొహంలో నవ్వు పోయి భయం వచ్చింది.

కుర్రాడు తల ఎత్తాడు. “ఓలమ్మ! నీ గొంతేనేటి అది?” అన్నాడు. వాడి మొహంలో సిగ్గు లేదు, ఒట్టి ఆశ్చర్యం. “ఇంకోపాలి నవ్వవే!”

ఆ పిల్ల వేళ్ల సందులోంచి వాణ్ణి చూసింది. తరవాత వాడి వెనక్కి చూసింది. చేతులు తీసేసి, వేలు చాపి, ఊరంతా వినపడేలా అరిచింది:

“గేదె!”

అన్ని నెలల తరవాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అదీ. తరవాత వాళ్ల నాన్న ‘మొదట ఏటందండీ, నాన్నా అందా?’ అని ఆశగా అడిగితే చెప్పడానికి నేను చాలా ఇబ్బంది పడ్డాను.

నవ్వుకి బెదిరిన గేదె ముడి ఊడదీసుకుని పోతోంది. ఆ పొద్దున్న దాన్ని కట్టింది నేను, కుర్రాడు కాదు. వెనకాల కుర్రాడు, వాడి వెనక పిల్ల, వాళ్ల వెనక ఈల ఊదుకుంటూ నేను, అందరికన్నా వెనక తుండుగుడ్డతో బావ. గేదె తిన్నగా సాగునీటి చెరువులోకి దిగి, నడిమధ్యకి ఈది, ముక్కు ఒక్కటీ పైకి పెట్టి హాయిగా ఆగిపోయింది.

“సాయంత్రానికి అదే వత్తాదిలే,” అన్నాడు బావ.

“అటు ఒడ్డుకి ఎక్కితేనో? ఆ వంగతోట ఎవరిదో తెలీదా నీకు?” అన్నాను. ఆ వంగతోట ఆసామి ఆకు రాలినా ఊరంతా పంచాయితీ పెట్టే మనిషి.

మేం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. కుర్రాడు చొక్కా విప్పి గట్టుమీద పడేసి నీళ్లలోకి దూకాడు. వాడు ఈదడం అప్పుడే చూశాను. నీళ్లు కొట్టుకున్న చప్పుడు లేదు, నురగ లేదు. ఎక్కడో మునిగాడు, గేదె పక్కన తేలాడు. బోటు ఎక్కితేనే వాడికి ఇబ్బంది. నీళ్లతో వాడికి ఏ పేచీ లేదు. ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు, వాళ్ల పేటలో ఈత రావడం నడక రావడంతో సమానం కాబట్టి.

దాని చెవి దగ్గర ఏదో చెప్పి, వీపు మీదకి ఎక్కి కూర్చున్నాడు. గేదె ఇటు తిరిగింది. నీళ్లలో ఆ వీపు అటూ ఇటూ ఊగుతుంటే నేను గట్టు అంచుకి పరిగెత్తాను.

“దిగరా! మల్లీ కక్కుతావు!”

“నేదు మేడం!” అని అరిచాడు వాడు. “ఇది ఎటు ఊగతాదో ముందే సెప్పి ఊగతంది!”

గట్టుమీద పిల్ల మళ్లీ నవ్వింది. ఈసారి నోరు మూసుకోలేదు. కుర్రాడు గేదె మీంచి చెయ్యూపాడు. బావ తుండుగుడ్డని చెరువులో జాడించుకున్నాడు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఆ పిల్లే మొదలుపెట్టింది. మొదట గుసగుసగా. కుర్రాడు “ఇనపడట్నేదు” అన్నాక మామూలు గొంతుతో.

“మా ఇల్లు పట్టాల పక్కనే గదా మేడం. రైలెల్తుంటే ఉప్పు కావాలన్నా అరవాల. మా ఇంట్లో అందరం అలగే మాట్లాడతాం. నాకు తెలీదు, మిగతావోల్లు మెల్లగా మాట్లాడుకుంటారని. కాలేజీ హాస్టల్‌కి ఎల్లేక నాను నోరిప్పితే అందరూ చెవులు మూసుకునీవోరు. మైకు వచ్చింది, మైకు వచ్చింది అనీవోరు. ఒక మేడం అయితే క్లాసులో నన్ను లేపి, నువ్వు బయట నిలబడి చెప్పు, మాకు సరిపోద్ది అన్నాది. అందరూ నవ్వేరు. ఆరోజు నుంచి తగ్గించుకుంటూ వచ్చేను. తగ్గించి తగ్గించి, మరింక రానేదు. పరీచ్చల్లో తెలిసినవి కూడా రానేదు.”

కుర్రాడు చిక్కుడుకాయ పక్కన పెట్టి తీవ్రంగా ఆలోచించాడు.

“మా పేటలో అయితే నిన్ను ఒగ్గరు,” అన్నాడు. “మంచు పడ్డప్పుడు బోటుకి బోటు కనపడదు. నీలాటోల్లు ఒకరుంటే సాలు, అందరూ ఒడ్డుకి వచ్చీవోరు.”

నేను ఇంతకన్నా మంచి మాట వెతికి ఉండేదాన్నేమో గానీ, దొరికి ఉండేది కాదు.

ఆ ఏడాది మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళకి చిలకలు దిగాయి. డబ్బాలు కొట్టాం, గుడ్డబొమ్మలు పెట్టాం. చిలకలు బొమ్మల తలమీద కూర్చుని తిన్నాయి. ఆఖరికి ఒక మంచె కట్టాం. ముడులన్నీ కుర్రాడివే, కాబట్టి అది ఇప్పటికీ ఊడలేదు. దానిమీద ఆ పిల్లని కూర్చోబెట్టాను.

ఒక్క కేక. చిలకలు మా పొలాన్నే కాదు, బావ పొలాన్ని కూడా వదిలి పోయాయి. మర్నాటికి బావ గట్టు దాటి వచ్చి, “అమ్మా, సాయంత్రాలు కాస్త నా వైపు తిరిగి అరువమ్మా,” అని బతిమాలుకున్నాడు. తనని అరవమని ఒకరు బతిమాలడం ఆ పిల్లకి కొత్త. మంచె దిగినప్పుడు నడక మారిపోయింది.

అంత ఊపిరి ఊరికే పోనివ్వడం నాలోని గేమ్స్ టీచరుకి ఇష్టం లేకపోయింది. దున్నిన మడిలో గీత గీసి కబడ్డీ నేర్పాను. కూత మొదలెడితే ఆ పిల్ల నా ఈలని మించిపోయేది. ఎదురుగా ఉన్నది కుర్రాడొక్కడే. పట్టుకోవడానికి వచ్చేవాడు కాదు, చెవులు మూసుకోవడానికే చేతులు చాలవు కదా.

వాళ్ల నాన్న చూడ్డానికొచ్చింది ఆ రోజుల్లోనే. మలుపులో బండి దిగేసరికి కేక వినిపించిందట. కూతురికేదో అయిపోయిందనుకుని, చేతిలో టిఫిన్ క్యారేజీతో, గట్టు వదిలి బురదలోంచి పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా బురదతో మంచె కింద నిలబడి పైకి చూశాడు.

“ఏటే! ఏటయిందే!”

“సిలకలు నాన్నా!”

“సిలకలేటే!”

“కంకులు తినేత్తన్నాయి!”

“అందుకా అలగ అరుత్తన్నావు!”

“మరెలగ అరవాల!”

రైలేమీ లేదు అక్కడ. అయినా ఇద్దరూ రైలు వెళ్తున్నట్టే అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. ఇంట్లో ఎవరెవరు ఎలా ఉన్నారు, మేనత్త కాలు నొప్పి, పక్కింటి కుక్క పిల్లలు, అన్నీ ఊరంతటికీ తెలిశాయి. ఆయన మంచె గుంజని పట్టుకునే ఉన్నాడు, కళ్లు తుడుచుకోవడానికి చేతికి బురద అంటిందేమో, భుజంతో తుడుచుకున్నాడు. టిఫిన్ క్యారేజీలో పులిహోర మాత్రం ఒక్క మెతుకు ఒలకలేదు.

ఇద్దరు బాగుపడేసరికి నాకు కొంచెం ధైర్యం ఎక్కువైంది. ఏ పిల్లల్నైనా మట్టిలో దింపితే చాలు, మొలకెత్తుతారని అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆటోనగర్ కుర్రాడు దిగాడు. వాళ్ల నాన్నకి అక్కడ లేత్ మిషన్ల షెడ్డు ఉంది. కొడుకు ఇంజినీరు కావాలని ఆయన, గదిలోంచి బయటికి రానని వాడు. పొలం గాలికి మారతాడని తీసుకొచ్చి వదిలారు.

వాడికి మట్టి నచ్చలేదు. దోమలు నచ్చలేదు. గేదె వాడివంక చూసే పద్ధతి నచ్చలేదు, ఆ విషయంలో మా ఆయనకీ వాడికీ మంచి స్నేహం కుదిరింది. కోడిపుంజు వాణ్ణి వరండా చుట్టూ తరిమింది. నేను నా విద్యలన్నీ ప్రయోగించాను. వారం తిరిగేసరికి వాడే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

“మేడం, తప్పుగా అనుకోకండి. ఇక్కడ నాకు నిద్ర పట్టట్నేదు.”

“దోమలా?”

“కాదు. సప్పుడు నేదు. నాను పుట్టిన కాడనించి మిషన్ సప్పుడులో పడుకున్నాను. ఇక్కడికొచ్చేకే తెల్సింది, నాకు ఆ సప్పుడంటే ఇష్టమని. నాకు షెడ్డులో పని సేయాలనుంది. ఇంజినీరింగు వద్దు. నాన్నకి సెప్పడానికి బయ్యం.”

“ఆ కోడిపుంజుకన్నా ఎక్కువా?”

వాడు ఆలోచించాడు. “దానికన్నా తక్కువే,” అన్నాడు.

వాళ్ల నాన్నకి ఫోన్ చేయించాను. వాడే మాట్లాడాడు. ఆటోనగర్‌లో ఆ పక్క మిషన్లు తిరుగుతున్నాయి, వాడు చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మంచె మీంచి కంచరపాలెం పిల్ల, “ఇటియ్యి, నాను సెప్తాను!” అని అరిచింది. వాడు ఫోను ఇవ్వలేదు. తనే గట్టిగా చెప్పాడు. మర్నాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఇప్పుడు షెడ్డులో తండ్రి పక్కనే ఉన్నాడట. మా వైపు మళ్లీ రాలేదు, పొలం అంటే వాడికి ఇప్పటికీ గిట్టదు. నాకేమీ బాధ లేదు.

కంచరపాలెం పిల్ల తప్పిన సబ్జెక్టులు కట్టుకుని పాసైంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కాలేజీ కబడ్డీ జట్టులో ఆడుతోంది. ఒక మ్యాచ్‌కి నన్ను పిలిచింది. కూత మొదలెట్టగానే ఎదుటి జట్టు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో నవ్వారు కూడా. ఆ పిల్ల నవ్వుల వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకాస్త పెంచింది.

జాలరిపేట కుర్రాడు నా దగ్గరే ఉండిపోయాడు. పరీక్ష ప్రైవేటుగా కట్టించాను. లెక్కలంటే వాడికి ఇప్పటికీ కడుపు తిప్పుతుంది గానీ పదో తరగతి గట్టెక్కాడు. గేదె పడ్డల్ని సాకుతున్నాడు, బావ పొలంలో సగం వాడే చూస్తున్నాడు. ట్రాక్టరు మాత్రం ఎక్కడు. పేటకి వెళ్లినప్పుడు కూరగాయల బస్తా పట్టుకెళ్తాడు.

మొన్నీమధ్య వాళ్ల నాన్న వచ్చాడు, ఇన్నాళ్లకి మొదటిసారి. వేట నిషేధం రోజులు, బోట్లు కదలవు. వెడల్పాటి భుజాల మనిషి, ఎండకీ ఉప్పుకీ పండిన చర్మం, దానిమీద ఇస్త్రీ చొక్కా. ఆకుపచ్చ మధ్యలో ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొడుకు ఆయన్ని పొలమంతా తిప్పాడు. నేను జీడిచెట్టు కింద నుంచి వింటున్నాను.

“ఇదేట్రా?”

“బీర, నాన్నా. పందిరి నానే కట్టేను.”

తండ్రి ముడిని వేలితో తడిమి చూశాడు. “మన ముడే,” అన్నాడు. పక్క మడి చూపించి, “మరదేటి?” అన్నాడు.

కొడుకు చెప్తున్నాడు, తండ్రి అడుగుతున్నాడు. పెసర ఎన్నాళ్లకి కోస్తారు, ఈ మొక్క ఎందుకు వాలింది, ఈ పురుగు మంచిదా చెడ్డదా. గేదె ఎదురొస్తే ఆ పెద్దమనిషి నాలుగడుగులు వెనక్కి వేసి కొడుకు వెనక నిలబడ్డాడు. కొడుకు గేదె మెడ మీద చెయ్యేసి దారి ఇచ్చాడు.

మధ్యాహ్నం ఆయన తెచ్చిన ఎండు కవళ్ల చేపలు పులుసు పెట్టాను. చెట్టు నీడలో తిని, చెయ్యి కడుక్కుని, ఆయన పొలంవంక తిరిగి కూర్చున్నాడు.

“టీచరమ్మా,” అన్నాడు, “బోట్లు తియ్యడానికి ఇంకా టయముంది. నాను కూడా నాల్రోజులు ఇక్కడుంటే మీకేటైనా ఇబ్బందా?”

“మీవోణ్ణి అడగండి,” అన్నాను. “పనులు సెప్పేది ఆడే.”

కుర్రాడు తండ్రిని కింది నుంచి పైకి ఒకసారి చూశాడు, కొత్తగా వచ్చిన పిల్లల్ని నేను చూసినట్టే.

“ముందా ఇస్త్రీ సొక్కా మార్చుకో నాన్నా,” అన్నాడు.